ఈసారి మూడే అడుగుదాం అనుకున్నాం, ఆ మూడు ఏవో మీరే చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

డిసెంబర్ 3 వస్తే మా దగ్గర ఏం జరుగుతుందో మీ జిల్లా పేజీ చదివేవాళ్లందరికీ తెలుసు. అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం. పొద్దున ట్రైసైకిళ్ల పందెం, తర్వాత జ్యోతి ప్రజ్వలన, నలుగురు పెద్దల ఉపన్యాసాలు, శాలువాలు, పులిహోర ప్యాకెట్లు. ఆఖరికి సంఘాల వాళ్లు స్టేజీ దగ్గరికి పోయి పాతిక ముప్పై డిమాండ్లున్న వినతిపత్రం ఇస్తారు, తీసుకున్నాయన పక్కవాళ్లకిస్తాడు, వాళ్లు ఫైల్లో పెడతారు, మళ్లీ ఏడాది తేదీ మార్చి అదే కాగితం. ఆఫీసర్లను అనడం కూడా దండగే. పాతిక కోరికలు ఒక్కసారి ముందర పెడితే ఎవరైనా తల ఊపి ఊరుకుంటారు.

అందుకని ఈసారి హనుమకొండ, కాజీపేట, జనగామ, ములుగు వైపు నుంచి కొద్దిమందిమి కూర్చుని మూడే అడగాలని అనుకున్నాం. ఏడాది పొడుగునా ఆ మూడింటి వెంటే పడాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోవాలి, ఆర్టీఐ పెట్టాలి, అవసరమైతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గర ఫిర్యాదు వెయ్యాలి. ఇంతవరకు అందరం ఒప్పుకున్నాం. ఏ మూడు అనే దగ్గర మాత్రం ఇద్దరికి కూడా మాట కుదరలేదు, టీ రెండుసార్లు తాగి ఎవరిళ్లకి వాళ్లం పోయాం. ఈ ఉత్తరం అందుకే.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, కాలిపర్లు, అంటే కాలికి కట్టే ఊతపట్టీలు, వేసుకుని నడుస్తాను, ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు రాసే ఉద్యోగం. ఆ రోజు కూర్చున్నవాళ్లలో ముప్పాతిక మంది నాలాంటివాళ్లే. కాళ్ల సమస్య ఉన్నవాళ్లు, మగవాళ్లు, టౌన్లో ఉండేవాళ్లు, మూడు చక్రాల స్కూటీ ఉన్నవాళ్లు. మీటింగుకి రాగలిగినవాళ్లే మీటింగుకి వస్తారు కదా. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు రకాలే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో, అంటే 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న చట్టంలో, ఇరవై ఒకటి. ఆటిజం, తలసీమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, మానసిక జబ్బులు, మరుగుజ్జుతనం, కుష్ఠు నయమైనవాళ్లు, యాసిడ్ దాడి బాధితులు. ఈ చివరి మాట వరంగల్ వాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, 2008 డిసెంబర్‌లో ఇక్కడ జరిగిన యాసిడ్ దాడిని ఎవరం మర్చిపోలేదు. మరి వీళ్లలో ఎంతమంది మా గదిలో ఉన్నారు? చెవిటి కుర్రాడు ఒకడు వచ్చాడు, సైగల భాష తెలిసినవాళ్లు లేక ఫోన్లో టైపు చేసి చూపిస్తూ కూర్చున్నాడు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ప్రాంతంలో వికలాంగులు పది లక్షల పైచిలుకు అని తేలింది, అది కూడా ఎనిమిది రకాలుగా అడిగిన లెక్క. కొత్తగా చట్టంలోకి వచ్చినవాళ్లు ఎంతమందో మన జిల్లాల్లో ఎవరి దగ్గర లెక్క ఉందో నాకైతే కనపడలేదు.

పింఛను సంగతి ముందే మాట్లాడతాను, లేకపోతే సగం మంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. 2023లో 3,016 కాస్తా 4,016 అయింది, అదే ఏడాది ఎన్నికల్లో ఆరు వేలు అన్నారు. అడగాల్సిందే. అడుగుతున్నారు కూడా, రోడ్డెక్కుతున్నారు, పార్టీలు మాట్లాడుతున్నాయి. పింఛను గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు, మాట్లాడేవాళ్లు లేనివి ఏవో చూద్దామని నా మాట. పింఛను పెంచితే ఆటో మాట్లాడుకుని ఆస్పత్రికి పోతాం సరే, బస్సు ఎక్కగలిగితే ఆ ఆటో కిరాయే మిగులుతుంది కదా అని కాజీపేట మిత్రుడి వాదన. దానికి ములుగు నుంచి వచ్చినామె, "మా ఊరికి బస్సే రాదు సారూ, ఎక్కుడు దిగుడు తర్వాత ముచ్చట" అంది. ఇద్దరి మాటా నిజమే, వినతిపత్రంలో ఎవరి మాట రాయాలి?

నా ఓటు సదరంకి, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటుకి. ఎందుకంటే ఆ కాగితం లేకుండా మిగతా ఏదీ లేదు. పింఛను, బస్సు పాసు, రిజర్వేషన్, స్కాలర్‌షిప్పు అన్నిటికీ మొదట వైకల్యం కనీసం నలభై శాతం అని డాక్టర్ రాసిన సర్టిఫికెట్ కావాలి. మీసేవలో స్లాటు తెరిచిన కాసేపటికే అయిపోతుంది. దొరికితే మనిషిని తీసుకుని పోవాలి. కన్నాయిగూడెం అవతలి గూడెంలో మంచంలో ఉన్న మనిషిని ఆటోలో వేసుకుని ఏటూరునాగారం, అక్కణ్నుంచి జిల్లా ఆస్పత్రి. పోయాక ఆ రోజు కళ్ల డాక్టర్ రాలేదంటారు, వినికిడి పరీక్ష మెషిన్ ఇక్కడ లేదంటారు, బుద్ధిమాంద్యం అయితే ఐక్యూ పరీక్ష చేసే సైకాలజిస్టు ఇంకోచోట ఉన్నాడంటారు. మా గుంపులో ఒకాయనకి మోకాలి కింద కాలు తీసేశారు, ఆయనకి ఐదేళ్ల టెంపరరీ సర్టిఫికెట్ ఇచ్చారు, ఐదేళ్లలో మొలుస్తుందేమో చూద్దాం అని ఆయనే నవ్వుతాడు. ఇప్పుడు దేశమంతా యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు ఒకటే అంటున్నారు, 2024 అక్టోబర్‌లో కేంద్రం రూల్స్ మార్చి, దరఖాస్తు పెట్టిన మూడు నెలల్లో తేల్చాలని, నలభై లోపు తెల్లది, నలభై నుంచి ఎనభై లోపు పసుపుది, ఎనభై ఆపైన నీలంది అని కార్డుకి రంగులు కూడా పెట్టింది. రంగులు బాగానే ఉన్నాయి. మంచంలో ఉన్నవాళ్ల ఇంటికే డాక్టర్ వస్తాడా, నెలకో మండలంలో క్యాంపు పెడతారా అన్నదే మాకు కావాల్సింది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మన రాష్ట్రంలోనే వికలాంగుల ఇళ్లకి పోలింగ్ సిబ్బంది బ్యాలెట్ పట్టుకుని వచ్చారు. ఓటు కోసం గడప దాకా వచ్చినవాళ్లు సర్టిఫికెట్ కోసం రాలేరా?

సికిల్ సెల్ సంగతి విడిగా చెప్పాలి. ఆదిలాబాద్ నుంచి ములుగు, భద్రాద్రి దాకా ఆదివాసీల్లో ఈ రక్తపు జబ్బు ఉంది. పైకి మనిషి మామూలుగానే కనిపిస్తాడు, నొప్పులు మొదలైతే రోజుల తరబడి లేవలేడు. చట్టంలో ఇది వైకల్యమే, నలభై శాతం దాటితే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో ఐదు శాతం సీట్లలో వాటా ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 34వ సెక్షన్ జాబితాలో రక్తపు జబ్బుల పేరే లేదు. అంటే చదివిస్తారు, ఉద్యోగం దగ్గర జనరల్ లైన్లో నిలబడమంటారు. ఇది కలెక్టర్ చేతిలో లేదు, పార్లమెంటులో మారాలి, ఐనా మన మూడింటిలో పెట్టాలా? వద్దన్నవాళ్లు ఉన్నారు, మన స్థాయిలో తేలనిది పెట్టి ఏం లాభం అని. ఆ ఇళ్లవాళ్లు రాస్తే తెలుస్తుంది.

ర్యాంపుల గురించి నాకు కోపం ఎక్కువ, కాబట్టి నా మాట కొంచెం తగ్గించి చదువుకోండి. ఒక మండల ఆఫీసుకి ఈమధ్య ర్యాంపు కట్టారు. ఆరు మెట్లు, మెట్టుకి ఆరంగుళాలు వేసుకున్నా మూడడుగుల ఎత్తు. అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల పొడవు ఉండాలని రూలు, అంటే ముప్పై ఆరడుగులు రావాలి, మలుపు తిప్పయినా తీసుకురావాలి. వాళ్లు మెట్ల పక్కనే మెట్లంత పొడవునే పోసేశారు, తొమ్మిదడుగులు ఉంటుందేమో, పైన నున్నటి గ్రానైట్. అది ర్యాంపు కాదు, జారుడుబండ. కింద మొదట్లో మోరీ మీద ఇనుప జాలీ, దాని సందుల్లో చంకకర్ర దిగబడుతుంది. పట్టుకోవడానికి ఒకవైపే పైపు, అది కూడా పైన గోడ దాకా పోకుండా మధ్యలో ఆగింది. ఎక్కే చోట పూలకుండీలు నాలుగు, ఎవరో అధికారి వస్తున్నాడని పెట్టి మళ్లీ తియ్యలేదు. అక్కడి అటెండర్ మంచివాడు, నన్ను చూసి పరుగున వచ్చి "సార్, ఎత్తుకుని తీసుకుపోతాం, ఏం ఫర్వాలేదు" అన్నాడు. ఫర్వా ఉంది తమ్ముడూ, నన్ను ఎవరూ ఎత్తుకోవద్దనే కదా ఆ సిమెంటు పోసింది.

చట్టం ఏం చెప్తోందంటే, వికలాంగులు వాడుకునేలా కట్టకపోతే కొత్త బిల్డింగుకి కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు, ఉన్న ప్రభుత్వ భవనాలను రూల్స్ వచ్చిన ఐదేళ్లలో సరిచెయ్యాలి. రూల్స్ వచ్చింది 2017 జూన్, ఆ గడువు 2022లోనే దాటింది. చట్టం మీరితే మొదటిసారి పది వేల దాకా జరిమానా, మళ్లీ మీరితే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా. మన జిల్లాల్లో ఒక్క ఆఫీసుకి పడిందని ఎవరైనా విన్నారా, విని ఉంటే దయచేసి రాయండి, పేపర్ కటింగ్ ఫ్రేము కట్టించుకుంటాను. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరీ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది, ఈ సదుపాయాలు వీలుంటే చేసే సలహాలు కావు, తప్పనిసరిగా చెయ్యాల్సిన కనీస ప్రమాణాలు కేంద్రం పెట్టాల్సిందే అని. ఆ తీర్పుకి ఆధారమైన రిపోర్టు తయారైంది మన హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్‌లోనే. ఇక్కడ కూర్చుని రాసిన రిపోర్టు ఢిల్లీ దాకా పోయింది, మండల ఆఫీసు మెట్ల దాకా రావడానికే దారి దొరకడం లేదు.

బస్సు మాట. పల్లెవెలుగు మొదటి మెట్టు ఎత్తు తెలిసినవాళ్లకి తెలుసు. కాలిపర్ వేసుకున్న కాలు మోకాలి దగ్గర లాక్ అయి ఉంటుంది, మడవడానికి రాదు, రెండు చేతులతో రాడ్లు పట్టి ఒంటిని పైకి లాగాలి, ఈలోపు వెనక నుంచి ఎవరో ఒకరు నడుం పట్టి తోస్తారు, సాయమే అనుకుంటారు పాపం. ఆడపిల్లల్ని కూడా అలాగే తోస్తారు, వాళ్లు ఆ మాట మీటింగుల్లో మాకు చెప్పరు, మా ఇళ్లలో ఆడవాళ్లకి చెప్తారు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక వికలాంగ మహిళలు ఎంతమంది కొత్తగా బయటికి వచ్చారో, రద్దీకి భయపడి ఎంతమంది మానుకున్నారో తెలుసుకోవాలని ఉంది. రెండూ జరిగే ఉంటాయి. కొన్ని సీట్ల మీద వికలాంగులకు అని రాసి ఉంటుంది, అడిగితే లేచేవాళ్లూ ఉన్నారు, నిద్ర నటించేవాళ్లూ ఉన్నారు, దాని గురించి ఇంకా రాయను.

బడి పిల్లల సంగతి నాకు అంతగా తెలియదు, టీచర్లు, తల్లిదండ్రులు రాయాలి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు మండలాల్లో ఉన్నాయి, ఫిజియోథెరపీకి వారానికో రోజు డాక్టర్ వస్తాడు, ఆ రోజు పండగొస్తే ఆ వారం అంతే. ప్రైమరీలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, ఆపైన పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది, 2025 మార్చిలో మళ్లీ గుర్తు చేసి పోస్టులు నింపమంది. మీ మండలంలో ఎందరున్నారో లెక్కేసి రాస్తే చాలు, మిగతాది మేం అడుగుతాం. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 పరుగులో కాంస్యం తెస్తే మనమందరం ఫోటోలు పంచుకున్నాం. టీ20 అంటే మేధోవైకల్యం ఉన్నవాళ్ల విభాగం. ఆ అమ్మాయిని చూసి గర్వపడటం న్యాయమే, కానీ పరుగెత్తలేని, పతకం తేలేని, అక్షరాలు కూడా రాని అలాంటి పిల్లలు మన ప్రతి మండలంలో ఉన్నారు, వాళ్ల తల్లులు ఏం అడుగుతారో ఎవరూ అడగరు.

నర్సంపేట వైపు ఒక తల్లిని అడిగాను. కొడుకుకి ఇరవై దాటాయి, బుద్ధిమాంద్యం, ఫిట్స్ కూడా. స్నానం, తిండి, గడ్డం గీయడం అన్నీ ఆమే. పత్తి ఏరడానికి పోయేటప్పుడు బయట గొళ్లెం పెట్టి పోతుంది, మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసుకుంటుంది. గొళ్లెం సంగతి చెప్తున్నప్పుడు ఆమె నా ముఖం చూడలేదు. ఏం కావాలమ్మా అంటే పింఛను పెంపు అనలేదు. "పొద్దటి నుంచి మాపటిదాంక కూసోబెట్టుకునే జాగ ఒకటి మండలంల పెట్టుమనుండ్రి, నేను కూలికి పోయొస్త" అంది. కాసేపాగి, "నేను పోయినంక వీడెట్ల?" అంది. ఈ ప్రశ్న ఆమెది ఒక్కతిదే కాదు, ఇలాంటి పిల్లలున్న ఏ ఇంట్లోకి పోయినా అదే వినిపిస్తుంది.

దీనికి కాగితం మీద దారులు ఉన్నాయి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ల కోసమే వచ్చింది. పద్దెనిమిది నిండాక లీగల్ గార్డియన్‌ని పెట్టడానికి జిల్లాకో కమిటీ, అందులో కలెక్టర్ ఉంటారు. ఆ కాగితం లేక బ్యాంకుల్లో పింఛను ఖాతాల దగ్గర తల్లులు తిరుగుతుంటారు. నిరామయ అని లక్ష దాకా ఆరోగ్య బీమా ఉంది. ఇక 2016 చట్టంలోనే 24వ సెక్షన్ కింద, పక్కన మనిషి లేకపోతే గడవనివాళ్లకి సంరక్షకుల భత్యం గురించి రాసి ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో, మంచం పట్టినవాళ్లని చూసుకునే ఇంటివాళ్లకి నెలకి 600 ఇచ్చే పథకం పెట్టారు. చిన్న మొత్తమే, కానీ ఆ తల్లి చేసేది కూడా పనే అని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. మనం అడగలేదు, ఎందుకంటే అడిగే చోటికి ఆ తల్లులు రాలేరు, గొళ్లెం పెట్టి ఎంతసేపని వస్తారు.

ఇంకా నా బుర్రకి తట్టనివి ఎన్నో ఉంటాయి. కుష్ఠు నయమైన ముసలాయన వేలిముద్ర పడక పింఛను దగ్గర ఏం పడుతున్నాడు, చూపులేని డిగ్రీ పిల్లకి పరీక్షకి తన బదులు రాసిపెట్టే స్క్రైబ్‌ని వెతకడం ఎంత టెన్షన్, మూగ అమ్మాయి మీద ఎవడైనా చెయ్యి వేస్తే ఠాణాలో ఆమె సైగలు అర్థం చేసుకునేది ఎవరు. బాధితురాలి ఇంటికే వచ్చి, సైగలు తెలిసిన మనిషిని పెట్టి, వీడియో తీసి వాంగ్మూలం రాసుకోవాలని 2013 నుంచే చట్టం ఉంది. పంచాయతీల్లో మనవాళ్లు ఎందరున్నారన్నది ఇంకో ప్రశ్న. తమిళనాడు 2025లో చట్టం మార్చి స్థానిక సంస్థలన్నిట్లో వికలాంగులను నామినేట్ చేసుకునే ఏర్పాటు చేసింది. ఇది మొదటి డిమాండ్ కావాలని మా జనగామ మిత్రుడు పట్టుబట్టాడు, మనిషి లోపల ఉంటే మిగతావి వాడే అడుగుతాడని. నాకు సగమే నమ్మకం, నామినేట్ చేసేది ఎవరో మనకి తెలియదా.

కాబట్టి చదివేవాళ్లకి నా విన్నపం. మీకు ఏది ముందు కావాలో ఒక్కటి రాయండి, రెండోది మూడోది ఉంటే వరస చెప్పి రాయండి. అన్నీ కావాలి అని మాత్రం రాయొద్దు, అది మాకూ తెలుసు. ఊరు, వయసు, ఏ రకం ఇబ్బంది ఉంటే చాలు, పేరు ఇష్టముంటేనే. ఇంకొకరు రాసిపెడితే, చెప్పినవాళ్ల మాట ఎట్లుందో అట్లే రాయండి, బాగు చెయ్యొద్దు. చిన్న సంగతి అని వదిలెయ్యొద్దు, బస్టాండ్ బాత్రూమ్ తలుపు వెడల్పు మీ మొదటి కోరిక అయితే అదే రాయండి. కండక్టర్లు, ఆశా కార్యకర్తలు, పంచాయతీ కార్యదర్శులు, భవిత టీచర్లు, మీరూ రాయండి, మీకు రోజూ కనపడేది మాకు కనపడదు. ఆడవాళ్ల ఉత్తరాలు మా గుంపులో ఆడవాళ్లే విప్పుతారు.

సంపాదకుల వారికి నా మనవి, డిసెంబర్ దాకా జిల్లా పేజీలో రోజుకో చిన్న ఉత్తరానికి చోటివ్వండి, వేసినా వెయ్యకపోయినా వచ్చినవన్నీ మాకు చేరేలా చూడండి. చెవిటివాళ్లు సైగల వీడియో, రాయలేనివాళ్లు వాయిస్ మెసేజ్ పంపుకునే దారి మీ ఆఫీసు చూపిస్తే ఇంకా మంచిది. నవంబర్ రెండో వారం లోపు వచ్చినవి అన్నీ కలిపి, దేనికి ఎన్ని వచ్చాయో, ఏ మండలం నుంచి ఒక్కటీ రాలేదో లెక్క తీసి ఇదే పేజీకి పంపుతాం. ఉత్తరాలు రాని మండలాలకి మేమే పోతాం, బండ్లున్నవాళ్లం ఉన్నాం కదా. ఆ మూడింటిలో పింఛను లేకపోతే మా మీద కోప్పడాలనుకునేవాళ్లు కూడా ఇప్పుడే రాయండి, జాబితా అయ్యాక తిడితే మార్చడం కష్టం.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ